నక్షత్రాల చిట్టాకు పునాది వేసిన నవాబు జాఫర్ జంగ్

జీవిత చరిత్రల శీర్షికకు ఈసారి నా వంతు వచ్చింది. గాంధీ గారి గురించి, కొమురం భీం గురించి, ఎడిసన్ గురించి ఇదివరకే మనవాళ్లు బాగా రాశారు. అందుకే నేను హైదరాబాదు వాడైన ఒక నవాబును ఎంచుకున్నాను. ఆయన పేరు నవాబ్ జాఫర్ జంగ్ బహదూర్. ఆయన చనిపోయి నూరేళ్లు దాటింది. అయినా ఆయన కొన్న సామాను వల్ల పుట్టిన అంకెలను మొన్న మన కంప్యూటర్ గదిలో చదవవచ్చని తెలిసి నాకు మస్తు ఆశ్చర్యం వేసింది. ఈ వ్యాసంలో సగం ఆయన కథ, సగం ఆ అంకెల కథ. రెండూ విడదీస్తే కుదరదు.

ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ పాలిస్తున్న కాలం అది. హైదరాబాదు అమీర్లకు డబ్బుకు కొదువ లేదు. కోటలాంటి ఇండ్లు, గుర్రాలు, వేట, విందులు. మన పాకాల అడవి కూడా అప్పట్లో నిజాం వేటకు పేరు పడ్డదే. అటువంటి అమీర్లలో ఒకడైన జాఫర్ జంగ్ ఇంగ్లండులో చదువుకున్నాడు. నిజాం ప్రభుత్వంలో సైన్యం వ్యవహారాలు చూసే మంత్రిగా పనిచేశాడు. ఫిరంగులు, పటాలాలు చూసుకునే మనిషికి ఆకాశం మీద మనసు పోవడం విచిత్రమే గదా! కాని పోయింది. ఐర్లాండు దేశంలో డబ్లిన్ అనే ఊళ్లో గ్రబ్ కంపెనీ దూరదర్శినులు చేసేది. ఆ కంపెనీ చేసిన 15 అంగుళాల దూరదర్శినిని ఆయన సొంత డబ్బుతో కొన్నాడు. 15 అంగుళాలంటే దాని ముందుండే అద్దం వెడల్పు అన్నమాట, 38 సెంటీమీటర్లు. మనం అన్నం తినే పళ్లెం కంటే వెడల్పు. ఆ రోజుల్లో మన దేశంలో అటువంటివి చాలా అరుదు.

1901లో హైదరాబాదులో ఫిసల్ బండ అనే చోట తన ఎస్టేటులోనే వేధశాల పెట్టాడు. వేధశాల అంటే నక్షత్రాలను చూసి కొలిచే చోటు. దానికి తన పేరు పెట్టుకోలేదు. నిజాం అనుమతి అడిగి నిజామియా అని పెట్టాడు. తన తర్వాత అది సర్కారుకు చెందాలని కోరుకున్నాడు. ఈ రెండో సంగతే నాకు ముఖ్యమనిపిస్తుంది. సొంత సరదాకు కొన్న వస్తువు మనిషితోపాటే పోతుంది, లేదా వారసులు అమ్ముకుంటారు. ఈయన మాత్రం అది తన ఇంటి సామానుగా మిగలకూడదని ముందే చూసుకున్నాడు.

ఆయన తెప్పించిన వాటిలో ఇంకొకటి కూడా ఉంది. అది 8 అంగుళాల కుక్ కంపెనీ ఫోటో దూరదర్శిని. చూడడానికి కాదు, ఆకాశం ఫోటో తీయడానికి. పేరు పెద్ద దూరదర్శినికి వచ్చింది గాని అసలు పని చేసింది ఈ చిన్నదే.

ఎందుకో చెప్పాలంటే కొంచెం పారిస్ దాకా పోవాలి. 1887లో అక్కడ అనేక దేశాల శాస్త్రవేత్తలు సమావేశమయ్యారు. మొత్తం ఆకాశాన్ని ఫోటోలు తీసి, ప్రతి నక్షత్రం ఎక్కడుందో కొలిచి, ఒక చిట్టా తయారు చేయాలని తీర్మానించారు. ఒక్క వేధశాల వల్ల అయ్యే పని కాదు. కాబట్టి ఆకాశాన్ని పట్టీలు పట్టీలుగా కోసి, సుమారు ఇరవై వేధశాలలకు పంచారు. ఊరి చెరువు కింద మడులు పంచుకున్నట్టు. అందరూ ఒకే రకం దూరదర్శిని వాడాలి, ఒకే కొలత పాటించాలి. గాజుపలక మీద 1 మిల్లీమీటరు అంటే ఆకాశంలో డిగ్రీలో అరవయ్యో వంతు. ఒక్కో పలక మీద నిలువుకు 2 డిగ్రీలు, అడ్డానికి 2 డిగ్రీలు ఆకాశం పడుతుంది. చందమామ వెడల్పు అర డిగ్రీ. అంటే నాలుగు చందమామలు నిలువుకు, నాలుగు అడ్డానికి. ఇట్లా ఆకాశమంతా కప్పాలంటే ఎన్ని పలకలు కావాలో మీరే ఊహించండి.

పంచుకున్నవాళ్లలో కొందరు పని చేయలేకపోయారు. దక్షిణ అమెరికాలో చిలీ దేశపు సాంటియాగోకు వచ్చిన పట్టీ అట్లాగే పడి ఉండిపోయింది. అది ఖగోళ మధ్యరేఖకు దక్షిణాన 17 డిగ్రీల నుంచి 23 డిగ్రీల వరకు ఉన్న పట్టీ. చివరికి అది మన హైదరాబాదుకు వచ్చింది.

అయితే జాఫర్ జంగ్ ఆ పని చూడలేదు. 1907లోనే ఆయన కన్నుమూశాడు. పట్టీ పని మీద ఒక్క పలక కూడా అప్పటికి తీయలేదు. జీవిత చరిత్ర అంటే నాయకుడు చివర్లో గెలవాలని మనం అనుకుంటం. ఇక్కడ నాయకుడు కథ మొదట్లోనే పోయాడు. ఇక్కడినుంచి ఆయన వదిలిపెట్టిన సామానే కథ నడిపించింది.

1908లో నిజాం సర్కారు వేధశాలను చేతికి తీసుకుంది. ఆర్థిక శాఖ కింద పెట్టారు. ఇంగ్లండు నుంచి చాట్‌వుడ్ అనే ఆయన డైరెక్టరుగా వచ్చాడు. అదే ఏడు సెప్టెంబరులో మూసీ వరద వచ్చి హైదరాబాదులో వేలమంది ప్రాణాలు తీసుకుపోయింది. అంత కష్టం మధ్య కూడా వేధశాల పని ఆగిపోలేదు. ఫిసల్ బండ నుంచి బేగంపేటకు మార్చి, ఫోటో దూరదర్శినిని నిలబెట్టారు. 1914లో పోకాక్ అనే ఆయన వచ్చాక పలకలు తీయడం సాగింది. అదే ఏడు మొదటి ప్రపంచ యుద్ధం మొదలైంది. 1918లో పోకాక్ చనిపోయాడు. ఆ తర్వాత టి.పి. భాస్కరన్ డైరెక్టరయ్యాడు. ఆ కుర్చీలో కూర్చున్న మొదటి భారతీయుడు ఆయనే. 1944 దాకా, అంటే 26 ఏండ్లు, ఆయనే చూసుకున్నాడు. 1919లో వేధశాల ఉస్మానియా విశ్వవిద్యాలయం కిందికి వచ్చింది. జాఫర్ జంగ్ కొన్న 15 అంగుళాల పెద్ద దూరదర్శిని బేగంపేటలో నిలబడింది 1922లో. అంటే కొన్నాయన పోయిన 15 ఏండ్లకు.

పలక మీద పని ఎట్లా ఉంటుందో చెప్తాను. రాత్రి గాజుపలక మీద ఫోటో తీస్తే నక్షత్రాలు నల్లటి చుక్కలుగా పడతాయి. అదే పలక మీద 5 మిల్లీమీటర్ల దూరంలో సన్నటి గీతలు కూడా అచ్చు పడి ఉంటాయి, మన లెక్కల గ్రాఫు కాగితంలాగ. పగటిపూట ఒకరు భూతద్దంలో చుక్కను చూసి, ఏ గీత నుంచి అడ్డంగా ఎంత, నిలువుగా ఎంత అని కొలుస్తారు. చుక్క ఎంత లావుందో దాన్ని బట్టి వెలుగు లెక్క కడతారు. అడ్డం, నిలువు, వెలుగు. ఒక చుక్కకు ఒక వరుస. మళ్లీ ఇంకొక చుక్క. ఇట్లా పనిచేసేవాళ్లను ఆ రోజుల్లో వేధశాలల్లో కంప్యూటర్లు అనేవారు! యంత్రాలు కాదు, మనుషులే. ఈ పట్టీ పలకలు 1914 నుంచి 1929 వరకు తీశారు. అది అయ్యాక జర్మనీలో పాట్స్‌డాం వేధశాల వాళ్ల పట్టీలో మిగిలిన ముక్క, ఉత్తరాన 36 నుంచి 39 డిగ్రీల వరకు, అది కూడా హైదరాబాదే తీసుకుంది. ఆ పలకలు 1938 దాకా సాగాయి. మొత్తం 7 లక్షల 63 వేలకు పైగా కొలతలు సంపుటాలుగా అచ్చయ్యాయి. మన మండలంలో ఉన్న జనమంతా ఒక పుస్తకంలో వరుసకట్టి నిలబడ్డా అన్ని వరుసలు కావు.

ఆ వేధశాలలో పనిచేసిన సహాయకుల్లో ఎం.కె. బప్పు ఒకరు. ఆయన కొడుకు వేణు బప్పు అక్కడి దూరదర్శినుల మధ్యనే పెరిగి, 1949లో ఒక తోకచుక్కను కనిపెట్టినవాళ్లలో ఒకడయ్యాడు. తమిళనాడు కావలూరులో ఉన్న పెద్ద దూరదర్శినికి ఇప్పుడు ఆయన పేరే ఉంది. ఒక సహాయకుడి పిల్లవాడు ఇంత దూరం పోయాడని చదివినప్పుడు నాకు మన హాస్టల్ వంట మామ కొడుకు గుర్తొచ్చాడు. ఆయన కూడా లెక్కల్లో ఫస్టే.

ఇక అంకెల సంగతి. ఆ పుస్తకాలు చాలా ఏండ్లు అలమారల్లో దుమ్ము పట్టాయి. చాలామంది ఆ పని పాతబడిపోయిందని కూడా అనుకున్నారు. 1980 తర్వాత మాస్కోలోని స్టెర్న్‌బర్గ్ సంస్థలో, అమెరికా నౌకాదళ వేధశాలలో ఈ పాత చిట్టాలను కంప్యూటర్‌కు అందేటట్టు చేశారు. అన్ని వేధశాలల పట్టీలు కలిపి 1997లో అమెరికా వాళ్లు ఏసీ 2000 అనే ఫైలు తయారు చేశారు. అందులో 46 లక్షలకు పైగా నక్షత్రాలు. ఆ కొలతల సగటు సంవత్సరం 1907. జాఫర్ జంగ్ పోయిన ఏడు కూడా అదే. ఇది కాకతాళీయమే గాని చదివినప్పుడు ఒక్క నిమిషం ఆగిపోయాను.

ఇటువంటి ఫైలు తెరిచి చూస్తే ఏముంటుంది? ఖాళీ జాగా కూడా సరిగ్గా లేని అంకెల వరుసలు. ఒక వరుస చూపిస్తాను. అనూరాధలో ఉండే ఒక నక్షత్రం ఇది.

160526-194820 2.6

ఇది చూస్తే ఏంది? ఫోన్ నంబరా, బ్యాంకు ఖాతానా? అర్థం కాదు. ఫైలుతోపాటు ఇంకొక చిన్న కాగితం ఉంటుంది. దాన్ని చదువు-ముందు కాగితం అనుకోండి. అందులో ఏ అక్షరం నుంచి ఏ అక్షరం వరకు ఏ గడి అనేది రాసి ఉంటుంది. 1 నుంచి 6 అక్షరాలు తూర్పు కొలత, 16 గంటల 05 నిమిషాల 26 సెకన్లు. 7వ అక్షరం గుర్తు, ఉత్తరమా దక్షిణమా అని. 8 నుంచి 13 దాకా 19 డిగ్రీల 48 నిమిషాల 20 సెకన్లు. 15 నుంచి 17 వెలుగు. గంతే. కాగితం ఉంటే చదువు, లేకపోతే చెత్త.

పైథాన్ భాషలో ఈ గడిని తీయడం సులువే. వరుసను ఒక పేరులో పెట్టుకుని, దాని పక్కన చదరపు బ్రాకెట్లో ఎక్కడినుంచి ఎక్కడిదాకా అని రాయాలి. వరుస[7:9] అని రాస్తే 19 వస్తుంది. వరుస అని తెలుగులోనే పేరు పెట్టినా పైథాన్ ఒప్పుకుంటుంది, ప్రయత్నించి చూడండి. అయితే ఇక్కడ ఒక మెలిక ఉంది. కాగితం మీద లెక్క 1 నుంచి మొదలైతే పైథాన్ లెక్క 0 నుంచి మొదలవుతుంది. కాగితంలో 8, 9 అక్షరాలు అంటే పైథాన్‌కు 7వ చోటు నుంచి 9కి ముందు వరకు. ఒక్క గడి జరిగితే 19 బదులు 94 వస్తుంది. ఆకాశంలో 94 డిగ్రీల దక్షిణం అనే చోటే లేదు కాబట్టి ఆ తప్పు వెంటనే దొరుకుతుంది. దొరకని తప్పులే ప్రమాదం.

దొరకని తప్పు ఎట్లుంటదంటే, 7వ అక్షరం వదిలేయడం. అప్పుడు హైదరాబాదు పట్టీ మొత్తం దక్షిణం నుంచి ఉత్తరానికి ఎగిరిపోతుంది. అంకెలన్నీ చక్కగానే కనిపిస్తాయి! ఇంకొకటి, గుర్తును డిగ్రీలకు మాత్రమే తగిలించి నిమిషాలను కలపడం. అసలు చోటు 19.8 డిగ్రీల దక్షిణం. ఆ తప్పు చేస్తే 18.2 అవుతుంది. అంటే నక్షత్రం మూడు చందమామలంత దూరం జరిగిపోయినట్టు. ఇక మూడోది, ఖాళీ గడి. వెలుగు కొలవలేకపోతే ఆ గడి ఖాళీగా వదులుతారు. ప్రోగ్రాము ఆ ఖాళీని సున్నా అని చదివిందనుకోండి. వెలుగు లెక్కలో సున్నా అంటే అభిజిత్ నక్షత్రమంత ధగధగ. కంటికే కనబడని చుక్క ఒక్కసారిగా అభిజిత్ అయిపోతుంది. మన మార్కుల రిజిస్టరులో కూడా ఇదే సంగతి. అయిదుగురి సగటు 60 ఉన్నప్పుడు, జ్వరంతో పరీక్షకు రాని ఆరోవాడికి సున్నా వేస్తే సగటు 50కి పడిపోతుంది. వాడు రాలేదు, తప్పలేదు.

ఇదంతా నక్షత్రాలకే అనుకుంటున్నారా? నిరుడు మన హాస్టల్లోనే ఒక తమ్ముడి స్కాలర్‌షిప్ నాలుగు నెలలు ఆగింది. దరఖాస్తులో ఇంటిపేరు గడి వేరు, పేరు గడి వేరు. ఎక్కడో ఒక దఫ్తరులో రెండూ కలిపి ఒకే గడిలో ఎక్కించారు. బ్యాంకు పుస్తకంలో ఒక తీరు, జాబితాలో ఒక తీరు. యంత్రం దృష్టిలో వాళ్లిద్దరూ వేరు వేరు మనుషులు. తండాలో ఆ పిల్లవాణ్ణి ఎరగని వాళ్లు లేరు గాని, యంత్రానికి తండా తెలియదు, గడి మాత్రమే తెలుసు. వాళ్ల నాయన కూలి పని వదులుకుని మూడుసార్లు బస్సెక్కి తిరిగాడు. వార్డెన్ సారు దయచేసి ఈ సంవత్సరం ఫారాలు పంపేముందు, మా పేర్లు ఏ గడిలో ఎట్లా పడ్డాయో మాకు ఒకసారి చదివి వినిపిస్తే బాగుంటుందని నా మనవి.

మళ్లీ ఫైళ్ల దగ్గరికి వద్దాం. అక్షరాలు లెక్కబెట్టే బాధ తగ్గించడానికి ఖగోళ శాస్త్రవేత్తలు 1981లో ఫిట్స్ అనే పద్ధతి ప్రకటించారు. ఇందులో వివరాల కాగితం ఫైలు లోపలే, మొట్టమొదటే ఉంటుంది. ఒక్కో వివరానికి సరిగ్గా 80 అక్షరాల గీత. ఎన్ని వరుసలు, ఎన్ని గళ్లు, ప్రతి గడి పేరేమిటి, అది పూర్ణాంకమా దశాంశమా, డిగ్రీలా సెకన్లా, అన్నీ అందులోనే. కాబట్టి ఏడో చోటు, తొమ్మిదో చోటు అనకుండా గడిని పేరుతో పిలవవచ్చు. హాజరు పిలిచినట్టు అన్నమాట. ఇంతకీ 80 ఎందుకు? పాతకాలం కంప్యూటర్లకు చిల్లులు పొడిచిన అట్టముక్కల మీద సమాచారం ఇచ్చేవారు. ఆ అట్టకు 80 నిలువు వరుసలు. ఆ చిల్లుల పద్ధతిని అమెరికాలో 1890 జనాభా లెక్కలకు హోలెరిత్ అనే ఇంజనీరు మొదలుపెట్టాడు. అట్టలు పోయాయి, 80 మిగిలింది. ఫిట్స్‌లో ఇంకొక తమాషా, పెద్ద అంకెను బైట్లుగా రాసేటప్పుడు పెద్ద విలువ గల బైటు ముందు వస్తుంది. మన గదిలోని కంప్యూటర్లు చిన్నది ముందు పెట్టుకుంటాయి. చూసుకోకపోతే 25ను 52 అని చదివినట్టే. ఫిట్స్ చదివే తయారు ప్రోగ్రాములు ఈ తిరగేసే పని అవే చేసుకుంటాయి.

ఇంత జాగ్రత్తగా పాత అంకెలు చదివి ఏం చేశారు? నక్షత్రాలు కదలవని మనం అనుకుంటం. కదులుతాయి, కాని మన కంటికి తెలియనంత మెల్లగా. ఐరోపా వాళ్లు 1989లో హిప్పార్కస్ అనే ఉపగ్రహాన్ని పంపారు. అది 1993 దాకా నక్షత్రాల చోట్లు ఎంతో ఖచ్చితంగా కొలిచింది. కాని నాలుగేండ్లలో నక్షత్రం ఎంత నడుస్తుంది? నడక తెలియాలంటే పాత చోటు కావాలి. 1920లో హైదరాబాదులో తీసిన పలక మీద ఒక చోటు, 1991లో ఉపగ్రహం చూసిన ఇంకొక చోటు. మధ్య 71 ఏండ్లు. ఏడాదికి డిగ్రీలో ముప్పయ్యారు వేలవ వంతు నడిచే నక్షత్రం ఉందనుకుందాం. మన పలక కొలతలో అది ఆ 71 ఏండ్లలో జరిగేది మిల్లీమీటరులో ఎనిమిదో వంతు కూడా నిండదు... కాదు, ఒక్క సెకను ఆగండి, ఈ లెక్క జాగ్రత్తగా చూడాలి. డిగ్రీలో 3,600వ వంతును సెకను అంటారు. దానిలో పదో వంతు అంటే ముప్పయ్యారు వేలవ వంతు. 71 ఏండ్లకు 7.1 సెకన్లు. పలక మీద 60 సెకన్లకు 1 మిల్లీమీటరు. అంటే 0.118 మిల్లీమీటరు. అవును, ఎనిమిదో వంతు కంటే కొంచెం తక్కువే. భూతద్దం కింద కన్ను పెట్టి కూర్చున్న ఆ మనుషులు అంత సన్నగా కొలిచి పెట్టారు కాబట్టే ఈ తీసివేత కుదిరింది. 2000లో వచ్చిన టైకో-2 అనే చిట్టాలో 25 లక్షల నక్షత్రాల నడక ఉంది. దానికి పాత చోట్లు ముఖ్యంగా ఇచ్చింది ఈ పారిస్ పథకపు చిట్టాలే. మన హైదరాబాదు పట్టీ కూడా అందులో ఉంది.

బేగంపేట చుట్టూ ఊరు పెరిగి దీపాల వెలుతురు ఎక్కువైంది. అందుకని ఉస్మానియా వాళ్లు రంగాపూర్ దగ్గర 48 అంగుళాల దూరదర్శినితో కొత్త వేధశాల కట్టుకున్నారు. 1980 ఫిబ్రవరి 16న సంపూర్ణ సూర్యగ్రహణం వచ్చినప్పుడు అక్కడినుంచే చూశారు.

జాఫర్ జంగ్ పట్టీ మనకు ఇక్కడినుంచి కూడా కనిపిస్తుంది. మే, జూన్ నెలల్లో రాత్రి భోజనాలయ్యాక మైదానంలో దక్షిణం వైపు తిరిగి నిలబడండి. తేలు ఆకారం కనిపిస్తుంది. దాని ఎర్రటి గుండె జ్యేష్ఠ, అది మన పట్టీకి కొంచెం కింద పడుతుంది. దానికి కుడిపక్కన పైనుంచి కిందికి వరుసగా మూడు చుక్కలు ఉంటాయి, అదే అనూరాధ. ఆ మూడింటిలో పై రెండు హైదరాబాదు పట్టీలోవి. అన్నిటికంటే పైనున్నదే పైన నేను రాసిన 160526-194820.